గాలి సరిగ్గా ఉన్నా ఆరని లైటు: 2012 క్యామ్రీలో టైర్ ప్రెషర్ సెన్సర్ల మార్పిడి

బండి 2012 టొయోటా క్యామ్రీ ఎస్ఈ. 17 అంగుళాల అల్లాయ్ రిమ్ములు, 215/55 ఆర్17 టైర్లు, లక్షా ఇరవై వేల మైళ్లు దాటిన ఓడోమీటరు. చోటు అమెరికాలోని న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర, కాలం జనవరి. ఓనరు ఫిర్యాదు: టైరు బొమ్మ ఉన్న పసుపు లైటు నెలల తరబడి ఆరడం లేదు, ఎన్నిసార్లు గాలి పట్టించినా మళ్లీ వెలుగుతోంది. అంతకు ఏడాది ముందు వేరే షాపులో ఒక సెన్సర్ (టైరు లోపల ఉండి గాలి ఒత్తిడి కొలిచి రేడియోలో పంపే పరికరం) మార్పించారు, రీసెట్ బటన్ కూడా నొక్కించారు. అయినా లైటు పోలేదు కాబట్టి ఆ సంకేతాలు అందుకునే రిసీవర్ పాడై ఉంటుందని, దాన్ని మార్చాలని ఎవరో సలహా ఇచ్చారు.

ఎడిసన్, ఇసెలిన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు మొదట కొనేది చాలాసార్లు ఇలాంటి పదేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ క్యామ్రీయే. ఆ వయసు బండిలో సెన్సర్ల బ్యాటరీలు అయిపోవడం మామూలే. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా వివరంగా రాస్తున్నాం. ఇందులో చెడిపోయిన భాగం ఒక్కటే. మిగతాదంతా సగంలో వదిలేసిన పని.

లైటు ఏం చెబుతోంది

ఇగ్నిషన్ ఆన్ చేయగానే లైటు మిణుకుమిణుకుమంటూ దాదాపు ఒక నిమిషం కొట్టుకుంది, ఆ తర్వాత స్థిరంగా వెలిగింది. రోగనిర్ధారణలో సగం ఇక్కడే అయిపోయింది. గాలి తగ్గితే లైటు కొట్టుకోకుండా నేరుగా వెలుగుతుంది. నిమిషం నుంచి నిమిషంన్నర దాకా కొట్టుకుని ఆపై నిలిచిపోతే, వ్యవస్థకే ఏదో సెన్సర్ వినిపించడం లేదని అర్థం. అమెరికాలో ఈ తేడా కంపెనీల ఇష్టానికి వదిలేసింది కాదు. 2000లో వచ్చిన ట్రెడ్ చట్టం తర్వాత రూపొందిన ఫెడరల్ వాహన భద్రతా ప్రమాణం ఎఫ్ఎంవీఎస్ఎస్ 138లోనే ఉంది. 2005 అక్టోబరు నుంచి దశలవారీగా మొదలై, 2007 సెప్టెంబరు నుంచి తయారైన తేలికపాటి బండ్లన్నిటికీ అది తప్పనిసరి అయింది. డోర్ స్టిక్కర్ మీద రాసిన ప్రెషర్ కన్నా 25 శాతం తగ్గితే హెచ్చరిక రావాలని కూడా అదే చెబుతుంది.

చిక్కేమిటంటే, ఓనరు సాధారణంగా డ్రైవింగ్ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, ఫోను సర్దుకునేలోపు ఆ నిమిషం గడిచిపోతుంది. తర్వాత కనబడేది నిలకడగా వెలిగే లైటే కాబట్టి గాలి తక్కువనుకుంటారు. ఫోన్లో ఎవరైనా ఇలాంటి సమస్య చెబితే, ఇంజను స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి నిమిషంన్నర లైటునే చూడమనాలి. ఆ ఒక్క పరిశీలనతో అనవసరమైన ఖర్చు చాలా తగ్గుతుంది.

గాలి కొలతలు, చలి లెక్క

లైటు సంగతి తెలిసినా గాలి కొలవకుండా ముందుకు పోకూడదు, ఎందుకంటే రెండు సమస్యలూ కలిసి ఉండవచ్చు. రాత్రంతా బయట నిలిపిన బండి, ఉదయం సున్నా కన్నా కింద ఉన్న చలి. ముందు ఎడమ టైరులో 31 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, గాలి ఒత్తిడి కొలత), ముందు కుడి 30, వెనక ఎడమ 33, వెనక కుడి 31. డోర్ స్టిక్కర్ మీద నాలుగింటికీ 35. తక్కువే, కానీ హెచ్చరిక రావాల్సినంత తక్కువ కాదు. 35లో 25 శాతం తగ్గితే సుమారు 26 అవుతుంది, ఆ దరిదాపుల్లో ఏ టైరూ లేదు.

చలికాలంలో ఈ తగ్గుదల ఎక్కడి నుంచి వస్తుందో లెక్క వేసి చూపిస్తే ఓనర్లకు నమ్మకం కుదురుతుంది. వెచ్చని షాపులో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 35 పీఎస్ఐ పెట్టామనుకుందాం. వాతావరణ పీడనం 14.7 కలిపితే 49.7. బయట మైనస్ 5 డిగ్రీలకు ఆ గాలి చల్లబడితే 49.7ను 268తో గుణించి 293తో భాగించాలి (రెండు ఉష్ణోగ్రతలకూ 273 కలిపితే వచ్చే అంకెలివి). వచ్చేది 45.5. అందులోంచి 14.7 తీసేస్తే గేజి చూపించేది 31 కన్నా కాస్త తక్కువ. ఎక్కడా లీకు లేకుండానే నాలుగు పీఎస్ఐ మాయం. కాబట్టి శీతాకాలంలో షాపు లోపల 35 పెట్టి పంపడం సరైన పని కాదు. బయటి చలికి సరిపడా దాదాపు 40 దాకా పెట్టాలి, లేదా బండిని గంటసేపు బయట నిలిపి చల్లబడ్డాక 35కి సరిచేయాలి. మేం రెండో పద్ధతినే నమ్ముతాం, ఊహ అవసరం లేదు కాబట్టి.

టైరు విప్పకముందే మూడు జాబితాలు

ఎక్కువ షాపుల్లో జరిగే తప్పు ఇక్కడే: స్కానర్ ఏ కోడ్ చూపిస్తే ఆ నంబరు టైరు విప్పేస్తారు. ఈ తరం క్యామ్రీలో అది పనికిరాదు. టైరును మిషన్ మీదికి ఎక్కించకముందే మూడు జాబితాలు పక్కపక్కన పెట్టుకోవాలి. బండి కంప్యూటర్లో నిలవైన ఫాల్ట్ కోడ్లు ఒకటి. కంప్యూటర్ జ్ఞాపకంలో నమోదైన నాలుగు సెన్సర్ ఐడీలు, అంటే ఒక్కో సెన్సర్ గుర్తింపు నంబర్లు, రెండు. చక్రాల్లో నిజంగా ఉన్న సెన్సర్లు చెప్పే ఐడీలు మూడు.

కోడ్లు రెండు వచ్చాయి: సీ2122, సీ2124. టొయోటాలో సీ2121 నుంచి సీ2124 వరకు ఉన్న నాలుగు కోడ్లకు అర్థం వరుసగా ఐడీ1, ఐడీ2, ఐడీ3, ఐడీ4 సెన్సర్ల నుంచి సంకేతం రావడం లేదని. ఐడీ1 అంటే ముందు ఎడమ చక్రం అని చాలామంది అనుకుంటారు. ఫ్యాక్టరీలో ఏ వరుసలో రాశారన్నది పక్కన పెడితే, ఈ బండి ఏ సెన్సర్ ఏ మూల ఉందో పట్టించుకోదు. డ్యాష్‌బోర్డు మీద చక్రాలవారీగా ప్రెషర్ చూపించే ఏర్పాటే లేదు, అన్నిటికీ కలిపి ఒకే లైటు. ఒక్కసారి టైర్ రొటేషన్ (చక్రాల స్థానాలు మార్చడం) జరిగితే ఐడీ2 ఏ మూలకైనా పోయి ఉండవచ్చు. కోడ్ చూసి మూల ఊహించడం అంటే మంచి టైరును అనవసరంగా విప్పడమే.

మూడో జాబితా కోసం ట్రిగ్గర్ టూల్ కావాలి. ఇది 125 కిలోహెర్ట్జ్ తక్కువ పౌనఃపున్య సంకేతంతో సెన్సర్‌ను నిద్రలేపుతుంది, సెన్సర్ తన ఐడీ, ప్రెషర్, ఉష్ణోగ్రత, బ్యాటరీ స్థితి రేడియోలో పంపుతుంది. టూల్ యాంటెన్నాను రిమ్ము లోహానికి కాకుండా వాల్వుకు దగ్గరగా టైరు గోడకు ఆనించాలి, లోహం సంకేతాన్ని అడ్డుకుంటుంది. ముందు ఎడమ నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగితే వచ్చినవి ఇవి:

ముందు ఎడమ: జవాబు వచ్చింది, 31 పీఎస్ఐ, కంప్యూటర్లోని ఐడీ1తో సరిపోయింది.
ముందు కుడి: మూడు ప్రయత్నాలకూ జవాబు లేదు.
వెనక కుడి: జవాబు వచ్చింది, ఐడీ3తో సరిపోయింది, బ్యాటరీ తక్కువ అని చెప్పింది.
వెనక ఎడమ: జవాబు వచ్చింది, 33 పీఎస్ఐ, బ్యాటరీ బాగుంది, కానీ ఆ ఐడీ కంప్యూటర్లోని నాలుగింట్లో ఎక్కడా లేదు.

కేసంతా ఈ చివరి వరుసలోనే ఉంది. ఏడాది కిందట మార్చిన సెన్సర్ ఇదే. సెన్సర్ పూర్తి ఆరోగ్యంగా ఉంది, నిమిషానికోసారి తన లెక్క తాను చెబుతూనే ఉంది. కంప్యూటర్ మాత్రం చెత్తబుట్టలో పడిపోయిన పాత సెన్సర్ ఐడీ కోసమే ఇంకా ఎదురుచూస్తోంది. ఆ షాపులో నొక్కిన రీసెట్ బటన్ కొత్త ఐడీని రాయదు. ఈ బండిలో ఆ బటన్ చేసేది ఇనిషియలైజేషన్ మాత్రమే: ఇప్పుడున్న ప్రెషర్‌ను ప్రామాణికంగా తీసుకో, ఇక్కడి నుంచి తగ్గితే హెచ్చరించు అని చెప్పడం. ఐడీ నమోదు ఓబీడీ పోర్టు (స్కానర్ తగిలించే సాకెట్) ద్వారా, స్కానర్‌తోనే జరగాలి.

ఆ బటన్ గురించి ఇంకో హెచ్చరిక తప్పదు. గాలి సరిచేయకుండా, ఉదాహరణకు 28 పీఎస్ఐ ఉండగా దాన్ని నొక్కితే, వ్యవస్థ 28నే సరైనదిగా నేర్చుకుంటుంది. తర్వాత నిజంగా ప్రమాదకరంగా తగ్గినా లైటు ఆలస్యంగా వెలుగుతుంది, అసలు వెలగకపోవచ్చు కూడా. లైటు ఆర్పడానికి ఆ బటన్ నొక్కడం అంటే కాపలావాడికి కళ్లకు గంతలు కట్టడమే.

ముందు కుడి సెన్సర్ నిజంగానే చనిపోయిందా, ట్రిగ్గర్ మాత్రమే అందడం లేదా అని తేల్చడానికి ఇంకో పరీక్ష ఉంది. టొయోటా సెన్సర్లు ప్రెషర్ హఠాత్తుగా పడిపోతే ఎవరూ అడగకుండానే సంకేతం పంపుతాయి. 30 సెకన్లలో కనీసం 40 కిలోపాస్కల్, అంటే సుమారు 6 పీఎస్ఐ పడేలా గాలి వదలాలి. వదిలితే కూడా టూల్‌లో ఏమీ వినపడలేదు. బ్యాటరీ పూర్తిగా అయిపోయిందని ఖాయమైంది. ఇక రిసీవర్ సంగతి: ఐడీ1, ఐడీ3 కంప్యూటర్‌కు చేరుతూనే ఉన్నాయి. రిసీవర్ పోయి ఉంటే నాలుగూ ఒకేసారి మాయమయ్యేవి. దాన్ని ముట్టుకోవలసిన పని లేదు.

ఎన్ని మార్చాలి

చనిపోయింది ఒకటి. మార్చింది మాత్రం మూడు, ఎందుకో చెప్పాలి. సెన్సర్ లోపలి లిథియం బ్యాటరీని రెసిన్ పోసి మూసేస్తారు, విడిగా మార్చే వీల్లేదు. ఆయుష్షు సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు. ఈ బండిలో మిగిలిన రెండు పాత సెన్సర్లు కూడా చనిపోయినదానితో పాటు ఫ్యాక్టరీలో పెట్టినవే. ఒకటి ఇప్పటికే బ్యాటరీ తక్కువ అంటోంది. పైగా టైర్ల గాడి లోతు అరిగి 3/32 అంగుళానికి వచ్చింది. చట్టం ఒప్పుకునే కనీసం 2/32, కాబట్టి ఎలాగూ నాలుగు టైర్లూ విప్పి కొత్తవి వేయాలి. సెన్సర్ మార్పిడిలో అసలు ఖర్చు, శ్రమ టైరు విప్పి ఎక్కించి బ్యాలెన్స్ చేయడంలోనే. విప్పిన టైరులో చావుకు దగ్గరైన సెన్సర్‌ను వదిలేస్తే, అదే పనికి మళ్లీ కూలి ఇచ్చుకోవాలి. టైర్లు కొత్తగా ఉండి, సెన్సర్లకు నాలుగైదేళ్ల వయసే ఉంటే మాత్రం చనిపోయినది ఒక్కటే మార్చమని చెప్పడం నిజాయితీ.

వెనక ఎడమ సెన్సర్‌ను అలాగే ఉంచాం. దాని రబ్బరు వాల్వు మాత్రం మార్చాం.

ఓనరు మధ్యలో ఒక ప్రశ్న అడిగారు: సెన్సర్లు తీసేసి మామూలు వాల్వులు పెట్టి, లైటు బల్బు తీసేస్తే సరిపోదా? పనిచేస్తున్న భద్రతా పరికరాన్ని తెలిసి తెలిసి పనిచేయకుండా చేయడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం షాపుకు నిషిద్ధం. అప్పటికే చనిపోయి వచ్చిన సెన్సర్ చోట మామూలు వాల్వు పెడితే అది ఈ నిషేధం కిందకు రాదని రహదారి భద్రతా సంస్థ స్పష్టం చేసింది. బల్బు తీయడం, బతికున్న సెన్సర్ తీయడం వేరే సంగతి. చట్టం మాట అటుంచి, పిల్లల్ని ఎక్కించుకుని టర్న్‌పైక్ హైవే మీద 65 మైళ్ల వేగంతో పోయే బండికి ఈ హెచ్చరిక ఉండాల్సిందే.

సరైన సెన్సర్

మొదట చూడాల్సింది పౌనఃపున్యం. ఈ క్యామ్రీ 315 మెగాహెర్ట్జ్ బండి. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే 433 మెగాహెర్ట్జ్ సెన్సర్ బిగిస్తే చక్కగా సరిపోతుంది, గాలి నిలుస్తుంది, ట్రిగ్గర్‌కు జవాబు కూడా ఇస్తుంది, కానీ బండి రిసీవర్‌కు ఎప్పటికీ వినపడదు. తెలుగువాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇండియాలో డైరెక్ట్ సెన్సర్లున్న కార్లు వాడేది 433 మెగాహెర్ట్జ్. అమెరికాలో చవకగా దొరికింది కదా అని 315 సెన్సర్లు సూట్‌కేసులో హైదరాబాదుకో విజయవాడకో పంపితే అక్కడి కారులో పనికిరావు. అసలు అక్కడి కారులో సెన్సర్ ఉందో లేదో కూడా ముందు చూడాలి. ఇండియాలో అమ్మే కొన్ని కార్లు, ముఖ్యంగా ఫోక్స్‌వాగన్, స్కోడా మోడళ్లు, ఏబీఎస్ చక్రాల వేగంలో తేడా చూసి గాలి తగ్గిందని గ్రహిస్తాయి. వాటిలో టైరు లోపల మార్చడానికి ఏమీ ఉండదు, గాలి సరిచేసి రీసెట్ నొక్కడమే పని.

ప్రోగ్రామ్ చేయగల యూనివర్సల్ సెన్సర్లు మూడు తీసుకున్నాం, అసలువాటిలాగే నట్టుతో బిగించే లోహపు వాల్వుతో. ఇలాంటి సెన్సర్ ఖాళీగా వస్తుంది. టూల్‌లో బండి కంపెనీ, మోడల్, సంవత్సరం ఎంచుకుని దానికి ప్రోటోకాల్, ఐడీ ఎక్కించాలి. ఐడీ రెండు రకాలుగా ఇవ్వవచ్చు. పాత సెన్సర్ ఐడీనే నకలు చేస్తే కంప్యూటర్‌కు మార్పు తెలియదు, ఓబీడీ పని తప్పుతుంది. కొత్త ఐడీ సృష్టిస్తే దాన్ని కంప్యూటర్లో నమోదు చేయాలి. న్యూజెర్సీ లాంటి చోట శీతాకాలపు టైర్లు వేరే రిమ్ముల మీద ఉంచుకునేవాళ్లకు నకలు పద్ధతి ఎంతో మేలు, సీజన్ మారినప్పుడల్లా స్కానర్ అక్కర్లేదు. కాకపోతే ఒకే ఐడీ ఉన్న రెండు సెట్లు ఒకేసారి బండి దగ్గర ఉండకూడదు. తీసిన సెట్టును డిక్కీలో వేసుకుని తిరిగితే రిసీవర్ ఒకే పేరుతో రెండు వేర్వేరు ప్రెషర్లు వింటుంది.

ఈ బండికి ఎలాగూ వెనక ఎడమ ఐడీని రాయాల్సిందే, ఓబీడీ పని తప్పదు. కాబట్టి మూడింటికీ కొత్త ఐడీలే ఇచ్చాం. ప్రోగ్రామ్ చేసేటప్పుడు ఒక్కొక్క సెన్సర్‌నే టూల్ దగ్గర ఉంచి, మిగతావి కొన్ని అడుగుల దూరంలో పెట్టాలి. లేకపోతే పక్కనున్నది జవాబిచ్చి రెండింటికీ ఒకే ఐడీ చూపించే ప్రమాదం ఉంది. ప్రోగ్రామ్ అయిన ప్రతిదాని మీద మార్కర్‌తో చక్రం పేరు రాసి, టైరులో పెట్టకముందే ఇంకోసారి ట్రిగ్గర్ చేసి చూడాలి. టైరు ఎక్కించాక పనిచేయని సెన్సర్ బయటపడితే పనంతా మొదటికొస్తుంది.

విప్పడం

న్యూజెర్సీలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు అల్యూమినియం వాల్వుల్ని తినేస్తుంది. కొన్ని బండ్లలో వాల్వుకు ఎవరో లోహపు మూత పెట్టి ఉంటారు. అది వాల్వు మరలతో ఏకమైపోతుంది, మర చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తుంది. ఇలాంటి మూతను పట్టకారుతో తిప్పితే వాల్వే విరుగుతుంది, విరిగిన ముక్క గాలి ఒత్తిడికి తూటాలా ఎగురుతుంది. ఎలాగూ మార్చే వాల్వు కాబట్టి దాన్ని తిప్పే ప్రయత్నమే చేయకుండా, ముఖం పక్కకు ఉంచి, మూత అంచు దగ్గర మెల్లగా కోసి గాలి వదలాలి.

ఈ బండిలో ఆ ఇబ్బంది రాలేదు. నట్టుతో బిగించిన మూడింటికీ వాల్వ్ లోపలి పిన్ను తీసి గాలి పూర్తిగా పోయేదాకా ఆగి, బయటి నట్టు విప్పి, సెన్సర్‌ను టైరు లోపలికి జారవిడిచాం. నట్టుతో బిగించే సెన్సర్లకు టొయోటా చెప్పే పద్ధతి కూడా ఇదే. లోపల పడిన సెన్సర్‌ను బీడ్ (రిమ్ముకు ఆనుకునే టైరు అంచు) విడదీసిన తర్వాత పైనుంచి చేత్తో తీసేయాలి. ఆ తర్వాతే టైరును మిషన్ మీద తిప్పాలి.

రబ్బరు వాల్వు ఉన్న వెనక ఎడమ చక్రానికి ఈ సౌకర్యం లేదు, అది రిమ్ములోనే ఉంటుంది. అక్కడ బీడ్ విడదీసే పార వాల్వుకు ఎదురు దిక్కున తగలాలి. వాల్వు దగ్గర తగిలితే పార సెన్సర్‌నే నలిపేస్తుంది. టైరు ఊడదీసేటప్పుడు మౌంట్ హెడ్‌కు (టైరు అంచును రిమ్ము మీదుగా తప్పించే మిషన్ చేయికి) కాస్త పక్కన సెన్సర్ ఉండేలా టేబుల్ ఆపి మొదలుపెట్టాలి. సూత్రం ఒక్కటే: బీడ్ అత్యంత బిగువుగా సాగే చివరి భాగం సెన్సర్ మీదుగా పోకూడదు. సెన్సర్లు ఎక్కువగా విరిగేది ఈ రెండు చోట్లే, బండి నడిచేటప్పుడు కాదు.

బిగించడం

రిమ్ము వాల్వు రంధ్రం చుట్టూ పేరుకున్న ఆక్సైడును నైలాన్ బ్రష్‌తో తోమి గుడ్డతో తుడవాలి. గీతలు పడేలా ఇనుప పరికరాలు వాడితే రబ్బరు సీలు పక్క నుంచి సన్నగా గాలి పోతుంది, నెలకు రెండు మూడు పీఎస్ఐ చొప్పున. ఇలాంటి లీకును ఎవరూ త్వరగా పట్టుకోలేరు.

కొత్త సెన్సర్‌తో వచ్చిన రబ్బరు గ్రోమెట్‌ను (రంధ్రం దగ్గర గాలి పోకుండా మూసే ఉంగరాన్ని) నీటితోనో టైరు సబ్బుతోనో తడిపి, లోపలి నుంచి వాల్వును రంధ్రంలోకి నెట్టి, సెన్సర్ ఒళ్లు రిమ్ము గాడికి ఆనేలా పట్టుకుని నట్టును వేళ్లతో ఎక్కించాలి. తర్వాత టార్క్ రెంచితో 4 న్యూటన్ మీటర్లు, అంటే 35 అంగుళ పౌండ్లు. ఈ టొయోటా నట్టుకు అంతే. వేరే కంపెనీల వాల్వుల్లో 8 దాకా కూడా ఉంటుంది కాబట్టి పెట్టె మీద రాసిన అంకె చూడకుండా అలవాటు మీద బిగించకూడదు. చేతి అంచనా ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే 4 న్యూటన్ మీటర్లు చేతికి దాదాపు ఏమీ బిగించనట్టే అనిపిస్తుంది. ఇంకాస్త అని తిప్పితే గ్రోమెట్ పక్కలకు పొంగి చీలుతుంది, అల్యూమినియం నట్టు చిట్లుతుంది. చీలిన రోజే లీకు కాకపోవచ్చు, తొలి గట్టి చలికి అవుతుంది. ఒకసారి నొక్కుకుపోయిన గ్రోమెట్ మీద నట్టును మళ్లీ బిగించి లీకు ఆపాలనుకోవడం కూడా పనికిరాదు. లీకైతే కొత్త గ్రోమెట్ వేయాలి.

పిన్ను నికెల్ పూత ఉన్నదే వాడాలి. మామూలు ఇత్తడి పిన్నును అల్యూమినియం వాల్వులో పెడితే, రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరి ఒకదాన్నొకటి తింటాయి. ఏడాదికో రెండేళ్లకో పిన్ను వాల్వులో ఇరుక్కుపోతుంది. పైకి చూస్తే ఇత్తడి పసుపు, నికెల్ వెండి రంగు, కాబట్టి గుర్తుపట్టడం కష్టం కాదు. పిన్ను బిగువు అర న్యూటన్ మీటరుకు మించకూడదు, ముందే సెట్ చేసిన చిన్న పిన్ను స్క్రూడ్రైవర్ దొరుకుతుంది. పైన లోపల రబ్బరు సీలున్న ప్లాస్టిక్ మూత. లోహపు మూతలు అందంగా ఉన్నా ఈ వాల్వుల మీద వద్దు.

వెనక ఎడమలో పాత రబ్బరు కాండాన్ని కోసి తీసి, సెన్సర్‌కు కొత్త రబ్బరు వాల్వును టీ10 టోర్క్స్ స్క్రూతో సుమారు 1.4 న్యూటన్ మీటర్లకు బిగించి, సబ్బు రాసి వాల్వ్ పుల్లర్‌తో రిమ్ములోకి లాగాం. నేరుగా, వంకర లేకుండా లాగాలి, పక్కకు వంచి లాగితే రబ్బరు మెడ దగ్గర చిరుగుతుంది. సెన్సర్ మంచిదే అయినా టైరు మార్చిన ప్రతిసారీ ఈ రబ్బరు, గ్రోమెట్, పిన్ను, మూత మార్చాల్సిందే.

టైరు ఎక్కించేటప్పుడు కూడా బీడ్ బిగువు చివరికి సెన్సర్ మీద పడకుండా చూసుకుని, బీడ్ కూర్చునేదాకా గాలి పట్టి, వాల్వు మొదట్లో సబ్బునీళ్లు వేసి బుడగలు చూడాలి. సెన్సర్, వాల్వు కలిపి 30–40 గ్రాములు ఉంటాయి. పాతవాటి బరువు, కొత్తవాటి బరువు ఒకటి కాదు, కాబట్టి నాలుగింటికీ బ్యాలెన్సింగ్ కొత్తగా చేయాలి.

ఐడీల నమోదు

చక్రాలు బిగించాక మళ్లీ నాలుగు మూలలా ట్రిగ్గర్ చేసి ఐడీలు సేకరించి, టూల్‌ను ఓబీడీ పోర్టుకు కలిపి, నాలుగూ ఒకేసారి కంప్యూటర్లోకి రాయాలి. ఒక్క సెన్సర్ మారినా టొయోటాలో నాలుగింటి జాబితానూ తిరిగి రాయాలి. మధ్యలో బండి బ్యాటరీ వోల్టేజి పడిపోకుండా చలికాలంలో చార్జర్ తగిలించి ఉంచడం మంచిది.

ట్రిగ్గర్ పనిచేయక ఐడీని సెన్సర్ ఒంటి మీద చూసి చేత్తో టైపు చేయాల్సి వస్తే అక్షరాల దగ్గర జాగ్రత్త. ఇవి హెక్సాడెసిమల్ అంకెలు: 0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్. ఇంగ్లిష్ ఓ అక్షరం ఎప్పుడూ రాదు, గుండ్రంగా కనిపించేది సున్నాయే. మసకబారిన అచ్చులో 8ని బీగా, సున్నాను డీగా చదవడం మామూలుగా జరిగే పొరపాటు. టైరు ఎక్కించకముందే లేబులుకు ఫోటో తీసి పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

రాసిన తర్వాత కంప్యూటర్లోని జాబితాను తిరిగి చదివి, చక్రాల జాబితాతో ఒక్కొక్కటీ పోల్చాం. ఇప్పుడు సరిపోయాయి. తర్వాత కోడ్లు చెరిపేసి, బండిని బయట గంట నిలిపి, చల్లబడ్డాక నాలుగు టైర్లూ 35కి సరిచేసి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి రీసెట్ బటన్‌ను లైటు మూడుసార్లు నెమ్మదిగా మిణుకుమనేదాకా నొక్కి పట్టాం. బటన్‌కు సరైన సమయం ఇదే: ఐడీలు కుదిరాక, గాలి సరిచేశాక. బటన్ వదిలాక ఇగ్నిషన్ వెంటనే ఆపకుండా కొన్ని నిమిషాలు అలాగే ఉంచాలి, కంప్యూటర్ నాలుగు సెన్సర్ల సంకేతాలూ అందుకునేదాకా. మధ్యలో ఆపేస్తే ఇనిషియలైజేషన్ సగంలో ఉండిపోతుంది.

స్కానర్ లైవ్ డేటాలో నాలుగు ప్రెషర్లూ, నాలుగు ఉష్ణోగ్రతలూ కనిపించాయి. ఒక టైరులో గాలి వదిలి ఏ అంకె పడుతోందో చూస్తే, నాలుగు వరుసలూ నిజంగా ఈ బండి చక్రాలవేనని ఖాయమవుతుంది. పక్క బేలో అదే మోడల్ బండి నిలిపి ఉన్నప్పుడు ఈ పరీక్ష మరీ ముఖ్యం. తర్వాత ఇరవై నిమిషాలకు పైగా రోడ్డు మీద నడిపి, ఆపి, మళ్లీ ఇగ్నిషన్ ఆన్ చేసి నిమిషంన్నర చూశాం. లైటు బల్బు పరీక్షకు వెలిగి ఆరింది, మళ్లీ కొట్టుకోలేదు.

ఇంత చేశాక కూడా అప్పుడప్పుడు లైటు కొట్టుకుంటోందని బండి తిరిగొస్తే, సెన్సర్ల మీద అనుమానం పెట్టుకోకముందు లైటర్ సాకెట్లో పెట్టిన చవకరకం ఫోన్ చార్జర్‌నూ, డ్యాష్ క్యామ్‌నూ తీసి రెండు రోజులు నడపమనాలి. వీటిలో కొన్ని విడుదల చేసే రేడియో రొద సెన్సర్ల బలహీనమైన సంకేతాన్ని ముంచేస్తుంది. లోహపు పొర ఉన్న అద్దాల ఫిల్మ్ కూడా అదే పని చేయగలదు. టైర్ రొటేషన్ చేస్తే ఈ క్యామ్రీకి మళ్లీ నమోదు అక్కర్లేదు. చక్రాలవారీగా ప్రెషర్ చూపించే చాలా బండ్లలో మాత్రం మూల మారితే తిరిగి నేర్పించాలి, కొన్ని మోడళ్లు నడుపుతుండగా అవే నేర్చుకుంటాయి. డిక్కీలోని తాత్కాలిక స్పేర్ చక్రంలో సెన్సర్ ఉండదు కాబట్టి, అది వేసి నడిపినంతకాలం లైటు కొట్టుకోవడం సహజం. పంక్చరు వేయించి అసలు చక్రం తిరిగి బిగిస్తే దానంతటదే ఆరుతుంది. పంక్చరుకు డబ్బాలో వచ్చే ద్రవం టైరులోకి ఎక్కిస్తే మాత్రం సెన్సర్ రంధ్రం మూసుకుపోవచ్చు. అలా వాడినట్టయితే టైరు విప్పే మనిషికి ముందే చెప్పాలి.

జాబ్ కార్డు మీద పాత నాలుగు ఐడీలు, కొత్త నాలుగు ఐడీలు, ఏ చక్రంలో ఏది, ఏ టార్కుకు బిగించారు, ఇనిషియలైజేషన్ ఎంత ప్రెషర్ దగ్గర చేశారు అన్నవి రాసి ఒక కాపీ ఓనరుకు ఇచ్చాం. తర్వాత ఈ బండి ఏ షాపుకు వెళ్లినా, మధ్యలో టైర్ రొటేషన్ జరగకపోతే, మళ్లీ కోడ్ వస్తే ఏ మూల విప్పాలో ఆ కాగితమే చెబుతుంది. తీసిన మూడు పాత సెన్సర్లలో లిథియం ఉంది కాబట్టి చెత్తలో వేయకుండా బ్యాటరీ రీసైక్లింగ్ డబ్బాలో వేయాలి.